టిప్పర్ల నంబరు, సేటు సోకు

జగదల్‌పూర్ చెన్నకేశవులు పేరెత్తితే సీతారాములు ఈనాటికీ చేతిలో ముద్ద కంచంలో పడేస్తాడు. "అన్నం తినేటప్పుడు ఆ సేటు పేరు నా ఇంట్ల ఎత్తకు" అని పెళ్లాం ఉప్పలమ్మ మీద లేస్తాడు. బస్తర్‌లో ఎదుటివాణ్ణి ముంచేవాళ్లకేం తక్కువ లేదు. చింతపండు తూకంలో చెయ్యి పెట్టినవాళ్లనీ, గని కూలీల జీతాల్లో వాటా కొట్టినవాళ్లనీ సీతారాములు దగ్గర్నుంచి చూశాడు. వాళ్లకి కనీసం తాము చేసేది దొంగతనమని తెలుసు. చెన్నకేశవులుకి ఆపాటి తెలివి కూడా లేదు. తాను నట్టేట ముంచిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చాయ్ తెప్పించి, మునగడం వల్ల కలిగే లాభాలేమిటో గంటసేపు చెప్పగలడు.

వాళ్లది జగదల్‌పూర్ బజార్లో ఇనప సామాన్ల కొట్టు. తాత మేకులు అమ్మాడు, తండ్రి రేకులు అమ్మాడు. చెన్నకేశవులుకి మేకులూ రేకులూ నామోషీ అనిపించాయి. రాయ్‌పూర్‌లో ఏదో సభకి పోయి, మెడలో తాడున్న కార్డు ఒకటి వేసుకుని తిరిగొచ్చాడు. ఆ కార్డు మెడలో పడ్డాక మనిషి నేల మీద నిలబడలేదు. కొట్టు తమ్ముడికి అప్పజెప్పి, కిరండుల్ కొండ దిగువన రెండు గదులు అద్దెకి తీసుకుని, ఒకదానికి ఏసీ పెట్టించి, 'మేరా నంబర్' అనే యాప్ మొదలుపెట్టాడు.

ఇనప రాయికి గిరాకీ మండిపోతున్న ఏళ్లవి. కొండ మీంచి దిగిన రాయిని ప్లాట్‌లో పోస్తే, ఎత్తుకోవడానికి టిప్పర్లు బారులు తీరేవి. ఏ బండి ముందు, ఏ బండి వెనక అన్నది రేకుల షెడ్డులో కూర్చున్న మున్షీ చీటీ మీద రాసిచ్చేవాడు. ఆ చీటీనే నంబరు అంటారు. చీటీ బదులు నంబరు ఫోన్‌లో ఇవ్వాలన్నది చెన్నకేశవులు ఆలోచన. ఆలోచన మంచిదే. పనికొచ్చేదాన్ని కూడా పనికిరాకుండా చెయ్యాలంటే ముందు మంచి ఆలోచన ఒకటి ఉండాలి కదా.

సీతారాములు ఆరో తరగతిలో బడి మానేసి, లారీ క్లీనరుగా ఎక్కి, డ్రైవరై, నడుం పోయేదాకా ఆ ప్లాట్‌లోనే టిప్పర్ నడిపినవాడు. సేటు అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు.

"సీతారాములన్నా, డ్రైవర్లు నీ మాట వింటారు. నువ్వు నాకు నౌకరువి కావు, పార్ట్‌నరువి. నాలుగో వంతు నీది. అప్పుకి బ్యాంకోళ్లకి మాత్రం ఒక పట్టా కావాలంట. మా ఇల్లూ కొట్టూ అన్నీ అమ్మ పేరు మీదున్నాయి. ఈ వయసులో అమ్మని బ్యాంకు మెట్లెక్కించడం పాపం కదన్నా."

అమ్మని ఎక్కిస్తే పాపం. సీతారాముల్ని ఎక్కిస్తే ఏ పాపమూ లేదు. గొల్లపల్లిలో తండ్రి అడవి అంచున రాళ్లు ఏరి మడి చేసిన పొలం పట్టా తీసుకెళ్లి సీతారాములు బ్యాంకులో పెట్టాడు.

టిప్పర్ ఓనర్ల సంఘానికి పెద్ద రామనర్సయ్య. కోంటా వైపు మనిషి, మాట కరుకు. యాప్ చూసి ఒకటే చెప్పాడు. "దసరా దాకా చూస్తం. అప్పటికి డ్రైవర్లు ఎవల సాయం లేకుండ వాళ్లంతట వాళ్లే నంబరు తీసుకోవాలె. తీసుకుంటే మూడేండ్ల కాగితం మీద సంతకం పెడత. లేకుంటే మున్షీ ఉన్నడు, చీటీలున్నయ్."

ఆ సంతకం పడితే కాగితం బ్యాంకులో చూపించి పట్టా విడిపిస్తానని సేటు మాట ఇచ్చాడు. పడకపోతే పొలం బ్యాంకుది. సీతారాములు భయమంతా ఆ దసరా మీద కూర్చుంది.

యాప్ రాసింది వెంకటనారాయణ. ఖమ్మంలో ఇంజనీరింగ్ చదివి, ముప్పై దాటి, ఏసీ గదిలోంచి కాలు బయటపెట్టకుండా టిప్పర్ల యాప్ రాసిన ఘనుడు. నంబరు కావాలంటే అది ముందు డ్రైవరు పేరడిగేది. తర్వాత తండ్రి పేరు, ఆధార్, లైసెన్సు, బండి నంబరు, ఛాసిస్ నంబరు. ఆపైన ఇమెయిల్. ఇవన్నీ ఇంగ్లీషులో, ట్రిప్పు ట్రిప్పుకీ మళ్లీ మొదట్నుంచి. తర్రెం నుంచి వచ్చిన డ్రైవరు బిజ్జాని ఇమెయిల్ అడిగితే వాడు తల గోక్కున్నాడు.

"నాకు అసొంటిది లేదు మామా. మా అన్నది రాస్తే నడుస్తదా?"

"మీ అన్నకున్నదా?"

"వానికి సైకిల్ ఉన్నది."

చివరికి డ్రైవర్లందరూ ఫోన్లు తెచ్చి సీతారాములు ఒళ్లో పడేసేవారు. నువ్వే కొట్టిపెట్టన్నా అనేవారు. ఎర్ర దుమ్ములో, ఎండలో, బండి నీడ చూసుకుని కూర్చుని ఒక్కొక్క ఫోన్లో తండ్రుల పేర్లు కొట్టేవాడు. మున్షీని తీసేసి ఇంకో మున్షీని పెట్టినట్టయింది. పాత మున్షీకి రేకుల నీడైనా ఉండేది.

"జనం చదువుకోలేదన్నా, దానికి యాప్ ఏం చేస్తుంది?" అన్నాడు చెన్నకేశవులు ఏసీ గదిలోంచి.

వానలు పడేసరికి రామనర్సయ్య మొహం మాడింది. అప్పుడు సేటుకి భయం పట్టుకుని, ఎవరో చెప్పగా, ఒక డిజైనర్‌ని తెచ్చాడు. పూర్తి డిజైనర్‌కి జీతం ఇచ్చే స్తోమత లేదు కాబట్టి వారానికి రెండు రోజుల డిజైనర్. పేరు జ్ఞానప్రసూన. విశాఖ మనిషి, భర్తది జగదల్‌పూర్‌లో ఉద్యోగం. మిగతా రోజులు ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పని చేసేది. సోమవారం పొద్దున రైలు దిగి, మంగళవారం సాయంత్రం బస్సెక్కేది. వచ్చిన రెండు రోజులూ వెంకటనారాయణ పక్కనే కుర్చీ వేయించుకుంది.

"రెండ్రోజుల అమ్మగారు" అని సీతారాములు పేరు పెట్టాడు. టిప్పర్ బాగుచెయ్యడానికి వారానికి రెండు రోజులొచ్చే మెకానిక్‌ని ఎవడైనా పెట్టుకుంటాడా అని ఉప్పలమ్మతో అని నవ్వాడు.

మొదటి సోమవారం ఆమె చేసిన పనేమిటంటే, ఒక గ్రీజు డబ్బా బోర్లించుకుని బండ్ల నీడలో కూర్చుంది. అంతే. డ్రైవర్ల బొటనవేళ్ల వంక చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నానికి సీతారాములు వెంకటనారాయణని పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నదయ్యా ఆమె?"

"చూస్తున్నారన్నా."

"చూసుడుకి జీతమా? నేను పదిహేనేండ్లు ఉత్తగనే చూసిన. నాకు ఎంతొస్తదో లెక్కగట్టు."

మంగళవారం సాయంత్రం ఇద్దరూ కలిసి, తెర పైమూలలో ఉన్న బటన్‌ని కిందికి దించారు. డ్రైవర్లు ఒక చేత్తో ఫోను పట్టుకుంటారు, బొటనవేలు పైదాకా అందదు, అందుకని.

"ఈ వారానికి ఇంతేనండి," అని సంచి సర్దుకుంది జ్ఞానప్రసూన.

"గింతేనా?"

"ఇంతే. ఆదివారం దాకా ఏమవుతుందో చూద్దాం. వచ్చేవారం ఇంకోటి."

"దసరాకి ఎన్ని సోమవారాలున్నయో ఎరుకేనా మేడం?"

"ఎరుకే. అందుకే అన్నీ ఒకేసారి ముట్టుకోవట్లేదండీ. ఏది బాగుపడిందో, ఏది చెడిందో తెలియాలి కదా."

సీతారాములుకి ఒళ్లు మండింది. పొలం బ్యాంకులో ఉంది, ఈమె బటన్ని కిందికి దించి బస్సెక్కింది.

తర్వాతి వారం, ఒకసారి చెప్పిన వివరాలు మళ్లీ అడక్కుండా చేశారు. ఆ పై వారం ఇమెయిల్ తీసేశారు. ఇన్నాళ్లూ అదెందుకు అడిగావని ఆమె అడిగితే వెంకటనారాయణ "అన్ని యాప్‌లూ అడుగుతాయి కదా మేడం" అన్నాడు. అంత చదువు చదివి చెప్పిన జవాబది. ఆమె లేని రోజుల్లో బుధవారం పూట అతనే వెళ్లి గ్రీజు డబ్బా మీద కూర్చోవాలని కట్టడి చేసింది. మొదట సణిగాడు, దుమ్ముకి తుమ్మాడు. పోనుపోను అతనే వచ్చి, "అన్నా, వాడు మూడుసార్లు వెనక్కి పోయాడు, ఎందుకంటావ్?" అని అడగడం మొదలుపెట్టాడు.

అంతకుముందు నంబరు అడిగాక తెర మీద ఇంగ్లీషులో ఒక పెద్ద వాక్యం వచ్చేది. దాన్ని ఎవడూ చదవలేదు, చదివినవాడికి అర్థం కాలేదు. దాని బదులు ముందు ఎన్ని బండ్లున్నాయో అన్ని బండి బొమ్మలు పెట్టారు. ఒక బండి నిండి వెళ్లిపోతే ఒక బొమ్మ మాయమవుతుంది. తెలుగు, హల్బీ, గోండీ ఏ భాషవాడికైనా అదే బొమ్మ. డ్రైవర్లు బొమ్మలు చూసుకుని, ఇంకా చాలా ఉన్నాయనుకుంటే బండి కింద చాప పరుచుకునేవారు.

సీతారాములు ఒళ్లో ఫోన్లు తగ్గాయి. పోయిన వారం వచ్చినవాడు ఈ వారం రాలేదు. ఫోను కొట్టిపెట్టినందుకు చాయ్ తాగించేవాళ్లు కూడా రాలేదు. సంతోషించాల్సిన సంగతే. అయినా రోజంతా ఎవరూ పిలవకపోతే మనిషికి ఎలాగో ఉంటుంది. ఆ కోపం కూడా రెండ్రోజుల అమ్మగారి ఖాతాలోనే వేశాడు.

ఒక సంత రోజున బిజ్జా చేతిలో వేరే ఫోను కనబడింది. దాని వెనక ఇంకో డ్రైవరు సుక్రాం కూతురి ఫోటో అంటించి ఉంది. సీతారాములు గబుక్కున లాక్కున్నాడు.

"ఏందిరా ఇది? సుక్రాం ఫోను నీ చేతిలెందుకున్నది? దొంగ నంబరు కొడుతున్నవా?"

"దొంగ నంబరేంది మామా! వాని ఇంటామె ఇర్మె చింతపండు ఎత్తుకుని సంతకొచ్చింది. వాడు పొయ్యి అమ్మించి వస్తడు. వాని నంబరు ముందున్నది, నాది ఎనకున్నది. వానిది నేను తీసుకున్న, నాది వానికిచ్చిన."

"మరి ఫోనెందుకు?"

"నంబరు ఫోన్లనే ఉన్నది గదా. ఫోను ఇయ్యకుండ నంబరెట్ల ఇయ్యాలె? నువ్వే చెప్పు."

గ్రీజు డబ్బా మీదున్న జ్ఞానప్రసూన లేచి వచ్చింది. "ఎన్నాళ్ల నుంచి ఇలా మార్చుకుంటున్నారు?"

"మొదటి దినం నుంచే మేడం. సంతకు పోవాలె, జరమొస్తది, చుట్టాలొస్తరు. మార్చుకోకుంటే ఎట్ల?"

అంతలో ఆ ఫోను మోగింది. బిజ్జా ఎత్తి గోండీలో చాలాసేపు బతిమాలాడు. పెట్టేసి చెమట తుడుచుకున్నాడు. "ఇర్మెక్క. మొగని ఫోను నా తాన ఎందుకున్నదంటది. వాడు తాగి పడిపోయిండా అంటది. ఆమె సంతల వాణ్ణి ఎతుకుతున్నది, వాడు ఆమెను ఎతుకుతున్నడు, ఇద్దరి నడిమిట్ల ఫోను నా కాడున్నది. నేను తిట్లు పడుతున్న."

"చీటీలున్నప్పుడు ఏం చేసేవారు?" ఆమె సీతారాముల్ని అడిగింది.

"చీటీ చీటీ మార్చుకునేటోళ్లం. నేను ఎన్నిసార్లు మార్చలే!" అన్నాడు. అన్నాక, తెలిసిన ఆ సంగతి ఇన్నాళ్లూ తానే చెప్పలేదని సిగ్గనిపించి, బిజ్జాకి ఫోను తిరిగిచ్చేసి, ఎటో చూశాడు.

'మార్చుకో' అనే బటన్ ఒకటి పెట్టడానికి వాళ్లకి మూడు వారాలు పట్టింది. మొదటి వారం జ్ఞానప్రసూన అట్టముక్క మీద గీసి డ్రైవర్ల చేత నొక్కించింది. రెండో వారం సుక్రాం, బిజ్జాల బండ్లకి మాత్రమే ఇచ్చింది. మూడో వారం అందరికీ.

"ఒక్క బటన్‌కి మూడు వారాలా మేడం? మూడు వారాలల్ల మా ఊళ్ల నాట్లయిపోతయ్," అన్నాడు సీతారాములు.

"నాట్లేసిన మర్నాడే కోస్తారా ఏమిటండీ?" అంది ఆమె.

"మీతోటి మాటలు గెలవలేం" అని వెళ్లిపోయాడు. కానీ ఆ సంతకి ఎవరూ ఫోన్లు మార్చుకోలేదు. ఇద్దరు బటన్ నొక్కితే నంబర్లు అటుదిటు ఇటుదటు అయ్యాయి. రామనర్సయ్య తన మనుషుల్ని పంపి రెండు రోజులు చూసుకున్నాడు. ఏ డ్రైవరూ సీతారాములు దగ్గరికి రాలేదు.

"నడుస్తున్నదయ్యా ఇప్పుడు. దసరా అయినంక వచ్చే సోమవారం కాగితం తీసుకురమ్మను మీ సేటును," అన్నాడు రామనర్సయ్య. ఆ మాట విన్న రోజు సీతారాములు ఇంటికి చేపలు తీసుకుపోయాడు.

అక్కడితో ఊరుకుంటే చెన్నకేశవులు చెన్నకేశవులెందుకవుతాడు?

దసరాకి ముందు కారు దిగి ప్లాట్ ఆఫీసుకి వచ్చాడు. వెంకటనారాయణ ఫోను తీసుకుని, ఎలకని తోక పట్టి ఎత్తినట్టు రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"ఇదేనా? తెల్ల కాగితం మీద రెండు బటన్లు, నాలుగు బండి బొమ్మలు. ఇన్ని నెలల జీతం దీనికా?"

"వాడుతున్నారు కదండీ," అంది జ్ఞానప్రసూన.

"వాడటం వేరు మేడం, చూడటం వేరు. సంతకం రోజున గని ఆఫీసరు వస్తున్నాడు. ఆయన టిప్పర్ నడపడు. ఆయన చూస్తాడు. ఏక్‌దమ్ మెరిసిపోవాలి!"

రాయ్‌పూర్‌లో ఒక కంపెనీకి అప్పటికే పని అప్పజెప్పేశాడు. వాళ్లు చేసింది తన ఫోన్లో చూపించాడు. తెర తెరవగానే భూగోళం తిరుగుతుంది. దాని చుట్టూ ఒక బంగారు రంగు టిప్పర్ చక్కర్లు కొడుతుంది. వెనక నుంచి బాజా. నంబరు కావాలంటే డ్రైవరు తన మొహం ఫోనుకి చూపించాలి, అది గుర్తుపట్టాలి. 'మార్చుకో' బటన్ లేదు.

"అదెందుకు తీసేశారు?" అంది జ్ఞానప్రసూన.

"నంబర్లు మార్చుకోవడమేంటి మేడం! ఆఫీసరు చూస్తే ఇది గోల్‌మాల్ అంటాడు. మన దగ్గర మొహం ఉంటేనే నంబరు. ట్రాన్స్‌పరెన్సీ."

"పోనీ మార్చండి. ఒక్కోటి మార్చండి. ముందు మూడు బండ్లకి ఇచ్చి చూడండి. పాతది తీసెయ్యకుండా పక్కన ఉంచండి."

"మేడం, మీరు వారానికి రెండు రోజులొస్తారు. నా వ్యాపారం ఏడు రోజులు నడుస్తుంది."

ఆమె సీతారాములు వైపు తిరిగింది. "మీరు పార్ట్‌నరు కదండీ. పట్టా మీది. మీరొక్క మాట చెప్పండి."

గదిలో అందరూ సీతారాముల వంక చూశారు. వద్దు అనే మాట నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే చెన్నకేశవులు తెర మీద వేలితో ఒకసారి తోశాడు. భూగోళం పక్కకి పోయి సగం తెర నిండా సీతారాములు ఫోటో వచ్చింది. తెల్ల చొక్కా, దువ్విన మీసం. కింద బంగారు అక్షరాలతో 'ఫీల్డ్ డైరెక్టర్' అని. వెంకటనారాయణ పెళ్లిలో తీసిన ఫోటో అది. పక్కనున్న మనుషుల్ని చెరిపేసి, వెనక కొండ పెట్టారు.

"డ్రైవర్లందరి ఫోన్లలో రోజూ నువ్వే కనపడతావన్నా," అన్నాడు సేటు. "నువ్వు మా బ్రాండువి."

సీతారాములు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. కాస్త దూరం పెట్టి చూశాడు, దగ్గరికి తెచ్చి చూశాడు.

"మంచిగనే ఉన్నది," అన్నాడు.

ఇప్పుడెవరైనా ఆ సంగతి ఎత్తితే మండిపడతాడు. "ఫోటో వాడే పెట్టిండు. నేనడిగిన్నా? వద్దంటే ఆగేటోడా వాడు? సంతకం పెట్టేటప్పుడు పార్ట్‌నర్ని, మాట్లాడేటప్పుడు డ్రైవర్ని." అదీ నిజమే. జ్ఞానప్రసూన ఆ సాయంత్రం బస్సెక్కింది. మర్నాడు సేటు ఫోను చేసి ఇక రావక్కర్లేదని చెప్పాడు.

సంతకం రోజు సోమవారం. పైగా సంత. ప్లాట్ గేటు దగ్గర షామియానా వేశారు. చెన్నకేశవులు మెడలో కార్డు వేసుకుని, పూలదండలు పట్టుకుని నిలబడ్డాడు. రామనర్సయ్య కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. గని ఆఫీసరు జీపులో వచ్చి, దుమ్ముకి అద్దాలెక్కించుకుని కూర్చున్నాడు.

పొద్దున్నే కొత్త యాప్ అందరి ఫోన్లలోకి దిగింది. బారులో బండ్లు ఎడతెగకుండా ఉన్నాయి. మొదటి డ్రైవరు తెరిచాడు. భూగోళం తిరిగింది. కొండ కింద సిగ్నల్ అంతంతమాత్రం, అందుకని తిరుగుతూనే ఉంది. అది ఆగాక సీతారాములు మొహం వచ్చింది. నంబరు బటన్ ఆ మొహం కింద ఎక్కడో ఉంది. ఫోటోని పైకి తోస్తేగాని కనబడదు. ఫోటోని తోయాలని ఎవడికి తెలుసు? డ్రైవర్లు సీతారాములు ముక్కు మీద నొక్కారు, మీసం మీద నొక్కారు, ఫీల్డ్ డైరెక్టర్ మీద నొక్కారు.

"మామా, నీ మొహమొచ్చి కూసున్నది, పోతలేదు!" అని బిజ్జా క్యాబిన్‌లోంచి అరిచాడు.

ఎలాగో బటన్ దొరికినవాణ్ణి ఫోను మొహం చూపించమంది. ఇనప రాయి ప్లాట్‌లో డ్రైవరు మొహమంటే రెండు కళ్లు, మిగతాదంతా ఎర్ర దుమ్ము, ముక్కుకి కట్టిన తువ్వాలు. ఫోను ఎవణ్ణీ గుర్తుపట్టలేదు. తువ్వాలు విప్పితే కూడా పట్టలేదు. నీళ్ల ట్యాంకరు బారుకి ఆ చివర ఉంది. మొహం కడుక్కోవడానికి దిగి వెళ్లినవాడి ముందుకి వెనకబండి జరిగిపోయింది. కొట్లాట మొదలైంది.

"అన్నా, మొహం కడుక్కుంటే నంబరు పోతది, కడుక్కోకుంటే నంబరు రాదు. ఏం చెయ్యాలె?" అని ఒకడు సీతారాములు చొక్కా పట్టుకున్నాడు.

సంతకి వెళ్లాల్సినవాళ్లు బటన్ లేక, పాత అలవాటున మళ్లీ ఫోన్లు మార్చుకున్నారు. సుక్రాం తన ఫోను బిజ్జా చేతిలో పెట్టి సంతలోకి పోయాడు. బిజ్జా మొహం కడుక్కుని మరీ ఆ ఫోనుకి చూపించాడు. అది సుక్రాం మొహం అడిగింది. సుక్రాం ఇర్మె పక్కన కూర్చుని చింతపండు తూస్తున్నాడు. అలాంటి బండ్లు బారులో అక్కడొకటి, ఇక్కడొకటి. ఒక్కొక్కటీ వెనకున్న వాటన్నిటినీ ఆపేసింది. హారన్లు కొండకి తగిలి తిరిగొచ్చాయి. లోడింగ్ యంత్రం బకెట్ పైకెత్తి అలాగే ఆగిపోయింది.

ఆఫీసరు అద్దం వెనక నుంచి అంతా చూశాడు. చూడ్డానికే కదా వచ్చాడు. కాసేపటికి జీపు తిరిగి వెళ్లిపోయింది.

సీతారాములు వెంకటనారాయణ దగ్గరికి పరిగెత్తాడు. "పాతది పెట్టవయ్యా! ఇప్పుడే పెట్టు, నీ కాళ్లు మొక్కుత."

"పాతది పెట్టడం మన చేతిలో లేదన్నా. రెండూ ఉంటే జనం అయోమయపడతారని సేటు తీయించేశారు. రాయ్‌పూర్ వాళ్లు మళ్లీ ఎక్కించాలి. రెండు రోజులు పడుతుంది."

ఆ మాట రామనర్సయ్య విన్నాడు. మెడలో వేసిన దండ తీసి కుర్చీ మీద పెట్టాడు.

"రెండు దినాలు నా బండ్లన్నీ నిలబెట్టాలె. డ్రైవర్లతోని మొహాలు కడిగించుకుంట కూసోవాలె. గదేనా?"

"రామనర్సన్నా, పాతది నడిచింది గదా. నువ్వే చూసినవ్ గదా. రెండు దినాలు ఓపిక పట్టు," సీతారాములు చేతులు పట్టుకున్నాడు.

"నడిచింది. నడిచేదాన్ని ఎవడు పాడు చేయమన్నడు? ఇయ్యాల ఇట్ల చేసినోడు మూడేండ్లల్ల ఎన్నిసార్లు చేస్తడు?" చేతులు విడిపించుకున్నాడు. "సీతారాములూ, నిన్ను చూసి ఒప్పుకున్న. నీ బొమ్మ చూసి వద్దంటున్న. మున్షీని పిలువురి!"

మున్షీ చీటీల కట్టతో వచ్చాడు. మధ్యాహ్నానికి బారు కదిలింది. ఎవడో డ్రైవరు పోతూ పోతూ ఫోను ఎత్తి, అందులోని తెల్ల చొక్కా మనిషికి దండం పెట్టాడు. వెనకున్నవాళ్లు పగలబడి నవ్వారు.

చెన్నకేశవులు షామియానా కింద కుర్చీ లాక్కుని, ఆరోజు కూడా చాయ్ తెప్పించాడు. "జనం ఇంకా రెడీగా లేరన్నా. మనం టైమ్ కంటే ముందున్నాం. ఇది ఫెయిల్యూర్ కాదు, లెర్నింగ్."

"నా పట్టా ఏమైతది సేటూ?"

"బ్యాంకు విషయం చూద్దాం. నువ్వు నెగెటివ్‌గా ఆలోచించకు."

సీతారాములు ఆ చాయ్ గ్లాసుని షామియానా గుంజకేసి కొట్టాడు. బతుకులో సేటుకి ఎదురు తిరిగి అతను చేసిన ఒకే ఒక్క పని అది. గ్లాసు స్టీలుది. పగల్లేదు కూడా.

విషయం వెంకటనారాయణ చెప్పగా జ్ఞానప్రసూన సీతారాములుకి ఫోను చేసింది. జీతం వద్దు, సోమవారం వచ్చి రామనర్సయ్యతో మాట్లాడనా అని అడిగింది. "ఏం చూడనీకి వస్తరు మేడం? ఇక్కడ చీటీలు రాస్తున్నరు," అని పెట్టేశాడు. ఆమె మీద కూడా అతనికి కోపమే. అంత తెలిసినామె వారానికి ఏడు రోజులు ఎందుకు రాలేదని.

చెన్నకేశవులు కిరండుల్ గదులు ఖాళీ చేసి, ఏసీ విప్పించుకుని పోయాడు. పై ఏడాది రాయ్‌పూర్ సభలో మాట్లాడమని వాణ్ణే పిలిచారు. ఆ వీడియో వెంకటనారాయణ పంపాడు. సేటు వేదిక మీద అటూ ఇటూ తిరుగుతూ చెబుతున్నాడు. వాడేవాళ్ల పక్కన కూర్చోవాలంట. వారానికి ఒక్కటే మార్చాలంట. తాను స్వయంగా గ్రీజు డబ్బా మీద కూర్చుని డ్రైవర్ల బొటనవేళ్లు చూశాడంట. జనం చప్పట్లు కొట్టారు. సీతారాములు ఆ వీడియోని ఉప్పలమ్మకి చూపించబోయి, మధ్యలోనే ఆపి, ఫోను గోడ వైపు తిప్పి పెట్టాడు.

అప్పటికే బ్యాంకువాళ్లు గొల్లపల్లి వచ్చి పొలం గట్టున నోటీసు పాతి, డప్పు కొట్టించి, వేలం వేసి పోయారు. పాడుకున్నవాడు కోంటా వ్యాపారి. వరి తీసేసి ఇటుక బట్టీ పెట్టాడు. చెన్నకేశవులు అమ్మ పేరు మీదున్న ఇల్లు అలాగే ఉంది, కొట్టు అలాగే ఉంది. సీతారాములుకి పోయింది రెండెకరాల అరవై సెంట్లు, అందులో ఎకరన్నర వాగు నీళ్లందే మడి.